మంచం తడిపింది మచ్చే, కానీ...

సుధ, కిరణ్ అక్కాతమ్ముళ్ళు. ఒకే ఇంట్లో మూడు పిల్లులతో కాపురం. తొమ్మిదేళ్ళ ఆడపిల్లి మచ్చ సుధది. నాలుగేళ్ళ గండుపిల్లి బూడిద కిరణ్‌ది. ఏడాది నిండని చిట్టిని మూడు నెలల క్రితం సుధ తీసుకొచ్చింది. మూడింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు అయిపోయాయి. ఈ వారంలో కిరణ్ పరుపు మూడోసారి తడిసింది. నా మొగ్గు సుధ వైపే, దాచడం ఎందుకు. అయినా కిరణ్ మాటలు కొన్ని నన్నూ గుచ్చాయి.

కిరణ్: అక్కా, ఇక నావల్ల కాదు. నిన్న మచ్చ నా వంక చూస్తూనే దుప్పటి మీద కూర్చుని పోసింది. పగబట్టింది అది.

సుధ: పిల్లికి పగ ఏమిటిరా!

కిరణ్: మొన్న దాని మీద అరిచాను. మర్నాడే నా మంచం తడిసింది. నీ మంచం జోలికి ఎందుకు రాదు?

సుధ: నీ మంచం మీద కూర్చుంటే తలుపూ కనిపిస్తుంది, నడవా కనిపిస్తుంది. ఎవరైనా మీదికి వస్తే కిటికీ గట్టెక్కి తప్పించుకోవచ్చు. అది నీకు బుద్ధి చెప్పడానికి రావడం లేదు, భయం లేని చోటు వెతుక్కుంటోంది. గోడకు వీపు పెట్టి, నిలబడి, తోక వణికిస్తూ చిమ్మితే అది సరిహద్దు గీసుకోవడం అనుకోవచ్చు. మచ్చ చేసేది అది కాదు, కూర్చుని పూర్తిగా పోస్తోంది. డాక్టరు ఏమన్నారో మర్చిపోయావా? మూత్రంలో రక్తం ఉంది, రాయి లేదు, సూక్ష్మక్రిములు లేవు, మూత్రాశయం మాత్రం వాచింది. బెదురు ఎక్కువైన పిల్లుల్లో ఇది మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుందట.

కిరణ్: పిల్లులు దొడ్డికెళ్ళే ఇసుక ట్రేలు మూడు పెట్టాం. మూడూ నేనే శుభ్రం చేస్తున్నాను. ఇంకా బెదురు దేనికి?

సుధ: రెండు రోజులు పని మానుకుని చూశాను, విను. ట్రేలు మూడూ నడవా చివర వరసగా ఉన్నాయి. ఆ నడవా మొదట్లో నీ బూడిద పడుకుంటాడు. కరవడు, గుర్రుమనడు, రెప్ప వాల్చకుండా చూస్తాడు, అంతే. మచ్చ అక్కడిదాకా వస్తుంది. ఆ చూపు తగలగానే ఆగిపోతుంది. ఏదో మరచిన పని గుర్తొచ్చినట్టు రెండు నిమిషాలు ఒళ్ళు నాక్కుని వెనక్కి తిరుగుతుంది. ఒక్క ఉదయమే నాలుగుసార్లు అలా జరిగింది. అయిదోసారి నీ గదిలోకి వెళ్ళింది. మనం బొచ్చు రాలిందా, రక్తం వచ్చిందా అని చూస్తాం. పిల్లుల పోరు చాలావరకు చప్పుడు లేకుండానే జరిగిపోతుంది. వరసగా పెట్టిన మూడు ట్రేలు మనకు మూడు, మచ్చకు ఒక్కటే. ఒక పిల్లి కాపలా కాస్తే మూడూ మూతబడ్డట్టే.

కిరణ్: పడుకున్నవాడిని పట్టుకుని కాపలా అంటావేమిటి? సరే, అనుకుందాం. అవే తేల్చుకుంటాయి. వదిలేయి.

సుధ: తొమ్మిదేళ్ళది ఓడి, నాలుగేళ్ళది గెలిస్తే తేలినట్టా?

కిరణ్: పోనీ, మంచమెక్కినప్పుడల్లా మొహాన నీళ్ళు చిమ్ముతాను. రెండు రోజుల్లో దారికి వస్తుంది.

సుధ: పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందన్న సామెత ఊరికే పుట్టలేదు. నీళ్ళు చిమ్మితే మంచం తప్పని దానికి తెలియదు, నువ్వు ప్రమాదమని తెలుస్తుంది. నువ్వు లేనప్పుడు వచ్చి పోస్తుంది. ఉన్న బెదురుకు ఇంకో బెదురు కలుస్తుంది. వాటి పుట్టుక అలాంటిది. పెంపుడు పిల్లుల మూలజాతి ఆఫ్రికా అడవిపిల్లి. ఒంటరిగా తిరిగేది, ఒంటరిగా వేటాడేది. మందలో బతికే జంతువుల్లా తగవు పెట్టుకుని, తలవంచి రాజీపడే అలవాటు వీటికి తక్కువ. దూరం జరగడమే వీటికి తెలిసిన రాజీ. జరగడానికి చోటివ్వాలి.

కిరణ్: ఆగు. ఒంటరి జాతి అన్నది నువ్వే. మరి చిట్టిని ఎత్తుకొచ్చి "మచ్చకు తోడు" అన్నది ఎవరు? తోడు కావాలా అని మచ్చను ఎవరైనా అడిగారా?

సుధ: తిండి సమృద్ధిగా దొరికేచోట ఆడపిల్లులు గుంపుగా బతుకుతాయి. ఒకదాని పిల్లలను ఇంకొకటి సాకుతుంది.

కిరణ్: అవి తల్లీబిడ్డలు, అక్కాచెల్లెళ్ళు. మన మూడింటిలో ఏది దేనికి అక్క?

(సుధ దగ్గర దీనికి జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఇక్కడినుంచి మాట పక్కదారి పట్టింది.)

సుధ: చిట్టిని తెచ్చిన రోజు ఒళ్ళోంచి దించనిది ఎవరు?

కిరణ్: వచ్చాక ముద్దు చేశాను. తేవడానికి ముందు నన్ను అడిగావా?

సుధ: నాలుగేళ్ళ క్రితం బూడిదను చొక్కాలో దాచి తెచ్చినప్పుడు నన్ను అడిగావా?

కిరణ్: వాడు వర్షంలో తడుస్తున్నాడు!

సుధ: చిట్టి ఎండలో ఉంది!

కిరణ్: ట్రేలు ఎత్తేది నేను. పరుపు ఆరేసేది నేను. పిల్లుల మనసు గురించి ప్రసంగం మాత్రం నీది. మనుషుల మనసు సంగతి? ఈ ఇంట్లో నాకున్నది ఒక్క గది. రాత్రి ఇంటికొచ్చి, నడుం వాల్చేముందు పరుపు వాసన చూడాల్సిన బతుకు అయింది నాది.

సుధ: ... అది నిజమే. రేపటినుంచి ట్రేలు నేను ఎత్తుతాను.

కిరణ్: ఎత్తితే సరిపోతుందా?

సుధ: సరిపోదు. పిల్లులకంటే ఒక ట్రే ఎక్కువ ఉండాలి, అంటే నాలుగు, నాలుగూ వేరువేరు చోట్ల. తిండిగిన్నెలు కూడా ఒకదానికొకటి కనబడకూడదు. మచ్చ ఎక్కి కూర్చోవడానికి ఎత్తులో పలకలు. పరుపుకు మామూలు సబ్బు చాలదు, మనకు పోయిన వాసన దానికి పోదు. మూత్రాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ద్రావణం వాడాలి. అమ్మోనియా ఉన్నది అసలు ముట్టకూడదు, దాని వాసన మూత్రాన్నే తలపిస్తుంది. ఇక బూడిదను కొన్నాళ్ళు వేరే గదిలో ఉంచి కొత్తగా పరిచయం చేద్దాం. ఒకదాని వాసన ఇంకొకదానికి అలవాటయ్యేలా వాడి బుగ్గలు తుడిచిన గుడ్డ మచ్చ దగ్గర, మచ్చది వాడి దగ్గర పెడదాం. మూసిన తలుపుకు అటొకటి, ఇటొకటి తింటాయి. తర్వాత తలుపు సందు, తర్వాత చూపు.

కిరణ్: ఎన్నాళ్ళు?

సుధ: వారాలు. ఒక్కోసారి నెలలు.

కిరణ్: అప్పటికీ కుదరకపోతే? "ప్రేమగా చూసుకుంటున్నాం" అనుకుంటూ మచ్చను బీరువా మీదే నక్కి బతకనిస్తామా? ఒకదానికి మంచి ఇల్లు చూసి ఇవ్వడం క్రూరత్వం అంటావు నువ్వు. రోజూ భయంతో బతికించడం ఏమిటి మరి?

సుధ: క్రూరత్వం అనడం నా తప్పు. అన్నీ చేశాక కూడా మచ్చ కిందికి దిగకపోతే, ఒకదానికి వేరే ఇల్లు వెతుకుదాం.

కిరణ్: చిట్టికి. చివర వచ్చింది అది.

సుధ: చిట్టి పక్కన మచ్చ నిద్రపోతుంది, నువ్వే ఫొటో తీశావు. వచ్చిన వరసలో పంపడానికి ఇది కొలువు కాదు. ఒంటరిగా ఉంటే ఎక్కువ హాయిగా ఉండే పిల్లి ఏదో అది వెళ్ళాలి.

కిరణ్: అంటే...

సుధ: నడవాలో ఎవరు పడుకున్నారో వెళ్ళి చూడు.

(కిరణ్ వెళ్ళాడు. చాలాసేపటికి గానీ రాలేదు.)

కిరణ్: నాలుగో ట్రే నా గదిలో పెట్టు. కిటికీ వైపు. మంచానికి దూరంగా.