భామ కనబడకుండా భామాకలాపం తీయడం ఎలా?

భామాకలాపంలో సత్యభామ వచ్చేటప్పుడు ఇద్దరు తెర పట్టుకుంటారు. ముందు తెర మీద నుంచి జడ వాలుతుంది. భామ ఇంకా వెనకే. కూచిపూడివారు ఇంతదాకా బాగానే చేశారుగానీ కాసేపటికి ఆ తెర తీసేసి తప్పు చేశారు. దాన్ని ఇన్నాళ్లకు ఎల్‌ఈడీ వాల్, అంటే వేదిక వెనక బొమ్మలు చూపే వెలుగు తెర, సరిదిద్దింది. భామ వాల్ ముందే ఆడుతుంది, వీడియోలో చివరిదాకా కనబడదు.

ఇది ఊరికే రాదు. ముందుగా వాల్ వెలుగు నూటికి నూరు పెట్టించాలి. "హాల్లో ఇరవై ముప్పై చాలు సార్" అంటాడు ఆపరేటర్. వినకూడదు, మనం కట్టింది మొత్తం అద్దె. తర్వాత కెమెరాను ఆటో ఎక్స్‌పోజర్‌లో, అంటే వెలుగు ఎంత తీసుకోవాలో అదే తేల్చుకునేలా, వదిలేయాలి. వెనక మంచుకొండ రాగానే భామ బొగ్గుబొమ్మ అవుతుంది, వెన్నెల రాత్రి రాగానే మొహం సున్నం కొట్టిన గోడవుతుంది. కొందరు చాదస్తులు మొహానికి ఎక్స్‌పోజర్ చూసి, జీబ్రా (వెలుగు ఎంతకు చేరిందో కెమెరా తెర మీద చూపే చారలు) 70 శాతం దగ్గర పెట్టుకుని, లాక్ చేసి, వాల్‌ను దానికి తగ్గట్టు తగ్గించమంటారు. వాళ్ల వీడియోలో మొహం కనబడుతుంది, నిజమే. చందా ఇచ్చింది మొహానికా?

ఇక షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగు పట్టే సమయం. మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 25 ఫ్రేములు తీస్తూ షట్టర్ 1/50 సెకను పెడితే హాలు లైట్లు మినుకుమనవు. కాబట్టి 1/500 పెట్టండి. వాల్ రిఫ్రెష్ రేటు (సెకనుకు బొమ్మను ఎన్నిసార్లు తిరిగి వేస్తుందో ఆ లెక్క) తక్కువదైతే నల్లపట్టీలు నింపాదిగా పైకి పాకుతాయి. 3840 హెర్ట్జ్ వాల్ తెప్పిస్తే ఈ వైభవం చాలావరకు పోతుంది, జాగ్రత్త. ప్రొజెక్టర్ వాడేవారూ దిగులుపడక్కర్లేదు. సింగిల్ చిప్ డీఎల్‌పీ రకం ప్రొజెక్టర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది. ఆ వేగం షట్టర్‌కు అవి విడివిడిగా దొరికి, ద్వారక మీద రంగుల చారలు పడతాయి. (ఆ ద్వారక ఏదో ఐరోపా కోట అనుకోండి. ఉచితంగా దొరికింది.)

భామను వాల్‌కు ఆనుకునేంత దగ్గరగా నిలబెట్టడం మరవద్దు. పీ4 వాల్ అంటే చుక్కకూ చుక్కకూ నడుమ 4 మిల్లీమీటర్లు. ఆ వరుసలకూ కెమెరా సెన్సర్ వరుసలకూ పొత్తు కుదరక తెరంతా అలలు లేస్తాయి. దాన్నే మోయిరే అంటారు. భామను పదడుగులు ముందుకు తెచ్చి, అపర్చర్ (లెన్సు రంధ్రం) తెరిచి, వాల్‌ను మసకబరిస్తే అలలు అణుగుతాయి. అలా చేస్తే పట్టుచీర అంచు కనబడి ప్రేక్షకుల దృష్టి చెదురుతుంది.

సురభివారు 1885 నుంచి రంగుల పరదాల ముందు ఆడుతున్నారు. వాటికి రిఫ్రెష్ రేటు లేదు, పాపం. మౌస్ బాణమూ లేదు. మనకైతే శివుడి నెలవంక పక్కనే బాణం, గంగ మీద వీడియో అమ్మినవాడి వాటర్‌మార్క్, సరిగ్గా పతాక సన్నివేశంలో 'బ్యాటరీ తక్కువగా ఉంది'.

ధ్వని సంగతి చెప్పేదేముంది, సౌండ్ మిక్సర్ నుంచి కెమెరాకు నేరుగా లైన్ తీసుకోకపోతే సరి.

ఆఖర్న సన్మానానికి వాల్ ఆపేసి హాలు లైట్లన్నీ వేస్తారు. అప్పుడు చూడాలి కెమెరా పనితనం! అధ్యక్షులవారి ఉంగరంలో రాయి, శాలువా మీద విప్పని ధర చీటీ, అన్నీ స్పష్టం. భామ ఫ్రేము అంచున నిలబడి ఉంటుంది. ఆమె జడ మటుకు పడుతుంది.