ఆ గ్రనోలా మెసేజ్‌లో ఆ ఒక్క లైన్ తీసేయండి

ఈ నెలలో ఇది నాలుగోసారి. మొదట అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, తర్వాత కజిన్స్ గ్రూపులో, ఆ తర్వాత కాలేజీ స్నేహితురాలు పంపింది, నిన్న పొద్దున్నే మా వదిన. "ఇంట్లోనే గ్రనోలా, చక్కెర లేని అమృతం, తప్పక షేర్ చేయండి" అని మొదలవుతుంది. మూడు కప్పుల ఓట్స్, రెండు కప్పుల బాదం, జీడిపప్పు, గింజలు, కప్పు తేనె, అరకప్పు బెల్లం తురుము, అరకప్పు నెయ్యి. అన్నీ కలిపి ఓవెన్‌లో కాల్చాలి, ఓవెన్ లేకపోతే బాండీలో వేయించాలి. ఇంతవరకూ నాకు పేచీ లేదు. కింద రాసిన లాభాల చిట్టాతోనే.

"మన ఋషులు తిన్న ఆహారం" అట. కాదు. 1863లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని డాన్స్‌విల్‌లో, జేమ్స్ కేలెబ్ జాక్సన్ గోధుమపిండిని కాల్చి, ముక్కలు చేసి, మళ్లీ కాల్చి 'గ్రాన్యులా' అన్నాడు. అదే దేశంలో బాటిల్ క్రీక్ అనే ఊళ్లో జాన్ హార్వే కెల్లాగ్ అనే డాక్టర్ కూడా అలాంటిదే చేసి అదే పేరు పెడితే గొడవైంది. అప్పుడు ఆయన పేరు మార్చి గ్రనోలా అన్నాడు. మనకు పేలాలున్నాయి, అటుకులున్నాయి, నువ్వుండలున్నాయి. పక్కవాళ్ల వంటని మనదని చెప్పుకోవాల్సిన అవసరం మనకేం లేదు.

"ఒంట్లో విషాలన్నీ కడిగేస్తుంది." ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి. వదిలేద్దాం.

"ఆరు నెలలు నిల్వ ఉంటుంది." మన ఎండల్లో, అన్ని గింజలు వేసి? గాలి తగలని సీసాలో పెట్టినా నెలలోపు తినేయాలి. మూత తీయగానే పాత నూనె వాసన కొడితే పారేయడమే.

ఇక "చక్కెర లేదు కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చు" అన్న మాట. తేనెలో నూటికి 80 పాళ్లు చక్కెరలే. బెల్లంలో అంతకన్నా ఎక్కువ. కప్పు తేనె బరువు సుమారు 340 గ్రాములు. అరకప్పు బెల్లంతో కలిపి లెక్కేస్తే ఆ వంటకంలో 80 టీ చెంచాల పంచదారకు పైనే ఉంది. మొత్తం తూకం కిలో పైచిలుకు అవుతుంది. అంటే చిన్న గిన్నెడు, ఓ 60 గ్రాములు తింటే, ఐదు చెంచాల పంచదార తిన్నట్టు. పంచదార డబ్బా ముట్టుకోలేదు కదా అని రక్తం ఊరుకోదు. మా బాబాయి పదిహేనేళ్లుగా మాత్రలు వాడుతున్నాడు. ఈ మెసేజ్ చూసి రెండు వారాలు పొద్దున ఒక గిన్నె, సాయంత్రం ఒక గిన్నె తిన్నాడు. పరీక్ష చేయిస్తే వచ్చిన అంకె చూసి ఇంటిల్లిపాదికీ టెన్షన్. అయ్యా, "ఎంతైనా" అన్న మాట షుగర్ ఉన్న మనిషితో అనే ముందు కాస్త ఆలోచించాలి కదా.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. బాండీలో గ్రనోలా రాదని నేను చాలామందితో వాదించాను. మొన్న చేసి చూశాను, వచ్చింది. సన్న మంట మీద ఓట్స్ విడిగా వేయించి, పైన నెయ్యి, పాకం పోసి, పళ్లెంలో పరిచి కదపకుండా చల్లారనిస్తే గట్టిపడి, చేత్తో విరిస్తే పలుకుల్లా విరిగింది. ఆ మెసేజ్ రాసినవాళ్లకి వంట తెలుసు. అందుకే చివరి లైన్ చూస్తే ఇంకా కోపం వస్తోంది.

ఆ లైన్ ఇది: "ఆరు నెలలు దాటిన పాపాయిలకు మిక్సీలో పొడి చేసి పాలలో కలిపి పెట్టండి, బొద్దుగా అవుతారు."

ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టకూడదు. చుక్క కూడా. తేనెలో క్లాస్ట్రిడియం బోట్యులినం అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో మామూలుగా అవి మొలకెత్తలేవు. పసిబిడ్డ పేగులకు వాటిని అడ్డుకునే శక్తి ఇంకా రాదు. అక్కడ మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం నరాల్ని పట్టేస్తుంది. మొదట మలబద్ధకం అంటారు, పట్టించుకోరు. తర్వాత పాలు సరిగా పీల్చలేదు, ఏడుపు సన్నబడుతుంది, రెప్పలు వాలిపోతాయి, మెడ నిలబడదు. ఊపిరి తీసుకోవడమే కష్టమైపోవచ్చు.

"కాల్చాం కదా, వేడికి చచ్చిపోవా?" అని నన్ను ముగ్గురు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. బ్యాక్టీరియా చస్తుంది, బీజం చావదు. డబ్బాల్లో ఆహారం నింపే ఫ్యాక్టరీల్లో ఈ బీజాల కోసమే ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. పొడి వేడిని ఇవి ఇంకా బాగా తట్టుకుంటాయి. మన ఓవెన్‌నీ, బాండీనీ నమ్ముకోవడానికి లేదు. పుట్టిన బిడ్డకు తేనె నాకించడం మన ఇళ్లలో ఉన్నదే, "మాకందరికీ నాకించారు, ఏమైంది?" అనే పెద్దవాళ్లూ ఉన్నారు. అందరికీ జబ్బు రాదు, నిజమే. వచ్చిన బిడ్డని చూస్తే మళ్లీ ఆ మాట అనరు.

ఇంత ఎందుకు రాస్తున్నానంటే, మా చెల్లెలి కూతురు పాపని తీసుకుని పోయిన వారం మా ఇంటికొచ్చింది. పాపకు ఏడో నెల. బ్యాగులోంచి పాల పౌడర్ సీసా లాంటిది తీసింది, లోపల లేత గోధుమరంగు పొడి. మూత తీస్తే తేనె వాసన. "మా అత్తయ్య మెసేజ్ పంపింది పెద్దమ్మా, రాత్రే చేశాను, రేపట్నుంచి పెడదామని" అంది. నా చేతులు చల్లబడ్డాయి. ఇంకా పెట్టలేదు, అదే అదృష్టం.

ఆ సీసా మా ఇంట్లోనే ఉంచేశాను. పెద్దవాళ్లం పెరుగులో ఒక్కో చెంచా వేసుకుని తింటున్నాం, బాగుంది. పాప మాత్రం రాగి జావ తాగుతోంది.