నాగజెముడు రసంతో నిలిచిన గోడలు

పాత గుడి గోడ చెమ్మెక్కిందనుకోండి, మనవాళ్ళకు వెంటనే తోచేది సిమెంటే. నాలుగు బస్తాలు తెప్పించి, గట్టిగా పూత పూయించి, పైన రంగు వేసేస్తే ఆ ఏడు పండగకి ఊరంతా మెచ్చుకుంటుంది. అమెరికాలోని ఆరిజోనాలో, టూసాన్ నగరానికి దక్షిణంగా 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న సాన్ జేవియర్ డెల్ బాక్ చర్చికి కూడా 20వ శతాబ్దంలో ఇలాంటి మరమ్మతులే చేశారు. ఎవరూ చెడు ఉద్దేశంతో చేయలేదు. కానీ 1980ల చివరికి వచ్చేసరికి లోపలి గోడ తడిసి, రెండొందల ఏళ్ళ నాటి బొమ్మలు పెచ్చులుగా రాలడం మొదలైంది.

కారణం చెబితే చాలా సింపుల్‌గా ఉంటుంది. సున్నం ఊపిరి పీల్చుకుంటుంది, సిమెంటు పీల్చుకోదు. ఎడారి ఎండకి సిమెంటు పూత మీద సన్నని నెర్రెలు పడతాయి, వానాకాలంలో నీళ్ళు ఆ నెర్రెల్లోంచి లోపలికి దిగుతాయి, దిగిన నీళ్ళకి మళ్ళీ బయటికొచ్చే దారి ఉండదు. ఆ తడి లోపలి ఇటుకని మెత్తబరుస్తుంది, ఉప్పుని పైకి తోస్తుంది, చివరికి గోడ లోపలివైపు ఆరడానికి దారి వెతుక్కుంటుంది. ఆ లోపలివైపే బొమ్మలున్నాయి మరి.

ఈ చర్చి కథ కూడా గోడ లాగే పొరలు పొరలుగా ఉంటుంది. కినో అనే జెస్యూట్ (క్యాథలిక్ మతప్రచారకుల్లో ఒక సంఘం) ఫాదర్ 1692లో ఇక్కడికొచ్చాడు, అప్పటికే ఇది వాక్ అనే ఓధమ్ ఆదివాసీల ఊరు, 'బాక్' ఆ పేరులోంచి వచ్చిందే. 1700లో ఆయన వేసిన పునాది మీద చర్చి లేవలేదు. 1751లో స్పానిష్ పెత్తనం మీద ఇక్కడి జనం తిరగబడ్డారు. 1767లో స్పెయిన్ రాజు జెస్యూట్లందరినీ వెళ్ళగొడితే, మరుసటి ఏడాది ఫ్రాన్సిస్కన్లు అనే మరో క్యాథలిక్ సంఘం ఫాదర్లు వచ్చారు. ఇప్పుడు మనం చూసే కట్టడం 1783లో మొదలై 1797లో ముగిసింది. వెల్డెర్రాయిన్ అనే ఫాదర్ ఒక పశువుల ఆసామి దగ్గర 7,000 పెసోలు అప్పు తెచ్చి పని మొదలుపెట్టాడట, హామీగా చూపించింది ఇంకా పండని గోధుమ పంటని! ఆయన 1790లో పోయాడు, ల్లోరెన్స్ అనే మరో ఫాదర్ పూర్తి చేశాడు. ఫాదర్ల పేర్లన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఇటుకలు కాల్చి మోసిన ఓధమ్ కూలీల పేర్లు మాత్రం ఏ చరిత్రలోనూ కనిపించవు.

డబ్బు చాలలేదని చెప్పడానికి లోపలికెళ్తే చాలు. పాలరాయి కొనలేక పాలరాయిలా రంగు వేశారు, పలకలు లేక పలకల్లా గీశారు, ఒకచోట ఏకంగా గోడ మీద తలుపు బొమ్మే వేసి తలుపు అనిపించారు. తూర్పు గోపురం ఇప్పటికీ పైన గుమ్మటం లేకుండా సగంలోనే ఉంది. దాని మీద ఊళ్ళో బోలెడు కథలున్నాయి, మాకైతే డబ్బులైపోయాయన్న కథే నమ్మాలనిపిస్తుంది.

స్పెయిన్ చేతిలోని ఈ ప్రాంతం మెక్సికోలో భాగమైంది, మెక్సికోకి స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడ ఫాదర్లు లేకుండా పోయారు. ఆ కాలంలో చర్చి పాత్రల్ని తమ ఇళ్ళలో దాచి కాపాడింది ఆ ఊరి ఓధమ్ కుటుంబాలే. తమ మతం మార్చడానికి వచ్చినవాళ్ళు కట్టించిన గుడిని ఆ మారినవాళ్ళే దాచుకున్నారు, ఇందులో ఎవరిది న్యాయం ఎవరిది అన్యాయం అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళతో మేం ఏకీభవించలేం. 1887 మే 3న వచ్చిన పెద్ద భూకంపం దెబ్బ తగిలింది, 1939లో పిడుగు పడింది. ప్రతిసారీ ఏదో ఒక మరమ్మతు జరిగింది.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. 1978లో ఏర్పడ్డ పాట్రొనాటో సాన్ జేవియర్ అనే సంస్థ నిధులు పోగుచేసింది. సిమెంటు పూతని ఓపిగ్గా ఒలిచి, సున్నం, ఇసుక, నాగజెముడు రసం కలిపి మళ్ళీ పూశారు. అవును, మన చేల గట్ల మీద కంచెగా పెరిగే నాగజెముడే, అది అసలు ఆ ఖండపు మొక్కే. దాని మట్టల్ని నానబెట్టి తీసిన జిగురు సున్నంలో కలిస్తే పూత నెమ్మదిగా ఆరుతుంది, గోడని గట్టిగా పట్టుకుంటుంది. లోపలి బొమ్మల పని 1992 నుంచి 1997 దాకా సాగింది. యూరప్ నుంచి నిపుణులొచ్చారు, వాళ్ళు ఆ ఊరి ఓధమ్ యువకుల్ని పక్కన పెట్టుకుని పని నేర్పారు. మాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. నిపుణులు విమానమెక్కి వెళ్ళిపోయినా పని తెలిసినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు.

ఈ చర్చి ఏ పునీతుడి పేరిట ఉందో ఆ ఫ్రాన్సిస్ జేవియర్ దేహం ఉన్నది మన గోవాలో, బామ్ జీసస్ బసిలికాలో. అక్కడ 1950ల్లో తప్పు ఇంకో రకంగా జరిగింది, రాయి కనబడితే అందంగా ఉంటుందని సున్నపు పూతని పూర్తిగా చెక్కేశారు, ఇప్పుడు ఆ ఎర్ర రాయి వానలకి కరుగుతోంది. పూత మళ్ళీ వేయాలా వద్దా అని ఏళ్ళుగా వాదన నడుస్తోంది.

మన దగ్గర మాత్రం కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపిన డంగు సున్నం గురించి తెలియనివాళ్ళెవరు? హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల మీద నుంచి సిమెంటు ఒలిచి సున్నం పూశాక ఆ గోడల తీరే మారింది. అయినా ఊళ్ళలో పాత గుడి, మసీదు, చర్చి మరమ్మతు అనగానే ఎస్టిమేట్‌లో ముందు సిమెంటు బస్తాలే కనిపిస్తాయి. సున్నం పనికి టైమ్ ఎక్కువ, గానుగ తిప్పే మేస్త్రీలు తక్కువ, బిల్లు ఆలస్యమైతే కాంట్రాక్టర్‌కి టెన్షన్. ఆ ఇబ్బందులు మాకూ తెలుసు. అందుకే మేం అడిగేది పెద్ద స్మారక నిధి కాదు. పాత కట్టడాల మరమ్మతుకి పిలిచే టెండర్లలో సున్నానికి వేరే రేటు, వేరే గడువు పెట్టండి. ఆ పని ఇంకా గుర్తున్న ముసలి మేస్త్రీల పక్కన ఇద్దరు కుర్రాళ్ళని, కూలీ ఇచ్చి మరీ, నిలబెట్టండి.