మా గల్లీ పార్సెల్ స్వీకరణ శాఖ

నల్లగొండ రామగిరి వైపు మా గల్లీలో పద్నాలుగు ఇళ్లున్నాయి. పొద్దున తొమ్మిదయ్యేసరికి పదమూడింటికి తాళాలు పడతాయి. పద్నాలుగోది నాది. రిటైరైన మర్నాటి నుంచే, ఏ ఉత్తర్వూ లేకుండా, నేను గల్లీ పార్సెల్ స్వీకరణ శాఖకు అధిపతినయ్యాను. జీతం లేదు. ఖాళీ అట్టపెట్టెలు మాత్రం శాఖకే చెందుతాయి.

ఒక మధ్యాహ్నం బండి మీద ఓ పిలగాడొచ్చాడు. "ఎదురింటి సారుది అంకుల్. ఫోన్ చేస్తే మీకియ్యమన్నడు. 649 రూపాయలు కట్టుర్రి, పొద్దుమీకి ఇస్తడట." పెట్టె మీద ఎదురింటాయన పేరు అక్షరం పొల్లు పోకుండా ఉంది. కట్టాను.

సాయంత్రం ఆయన పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "నేనేం ఆర్డర్ పెట్టలే గద సారూ" అన్నాడు. విప్పితే రెండు పాత దస్తీలు, బరువు కోసం ఓ ఇటుక ముక్క. సగం పైసలు తానిస్తానన్నాడు. నేను వద్దన్నాను. ఎవరి మర్యాద పెద్దదో తేల్చుకోవడానికి గడియారం సెంటర్ దాకా పోయి చాయ్ తాగాం. చాయ్ పైసలూ నావే.

శాఖాపరమైన విచారణ జరిపాను. దొంగకు పేరెలా తెలిసింది? గల్లీ మూలన పారేసిన పెట్టెల మీద పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు అన్నీ అతికించే ఉన్నాయి. మరి నేనెందుకు ఎదురింటాయనకు ఫోన్ చేయలేదు? "ఆర్డర్ పెట్టినవా?" అని అడిగితే నమ్మలేదనుకుంటాడని. ఆ పిలగాడికి కంప్యూటర్ విద్యలేమీ అక్కర్లేదు, మన మొహమాటం ఉంటే చాలు.

ఆ రోజే సంస్కరణలు ప్రకటించాను. పైసలు కట్టాల్సిన పార్సెల్ అయితే యజమానితో నేనే మాట్లాడతాను. అదీ నా ఫోన్‌తో, నా దగ్గరున్న నంబరుకు. పిలగాడు కలిపిచ్చిన ఫోన్‌లో "హలో" అన్నవాడు ఎవరైనా కావచ్చు. పక్కింటి పార్సెల్‌కు ఓటీపీ నా ఫోన్‌కొస్తే అది పార్సెల్‌ది కాదు. ఆ మెసేజ్ ఎందుకొచ్చిందో అందులోనే రాసుంటుంది, అద్దాలు పెట్టుకుని చదవాలంతే. "అడ్రస్ దొరకట్లే, స్టార్ 21 స్టార్ కొట్టి ఈ నంబరు నొక్కుర్రి" అంటే నొక్కరాదు. నొక్కితే మన ఫోన్లన్నీ వాడికి మళ్లుతాయి, బ్యాంకువాళ్లు చేసేవి కూడా. ఇప్పటికే నొక్కినవారు ##002# కొట్టి రద్దు చేసుకోవాలి. "మీ పైసలు వాపసిస్త, పిన్ కొట్టుర్రి" అనేవాడికి చాయ్ కూడా ఇవ్వొద్దు. పైసలు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. పోతే మాత్రం గల్లీ పంచాయితీ పెట్టకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. నేను 649కి పరువు అడ్డమొచ్చి చేయలేదు. ఈ మాట మా ఇంటావిడకు తెలియదు.

ఫలితాలు బాగున్నాయి. గాస్కెట్ తెచ్చిన పిలగాణ్ని పావుగంట ప్రశ్నించానని మూడో ఇంటి వదినె అలిగింది. "సారు పోలీసోడైండు" అని పేరొచ్చింది.

మొన్న హైదరాబాద్ పోయి వస్తూ చిట్యాల దగ్గర బస్సులో కునుకు తీశాను. ఫోన్ సైలెంట్‌లో ఉంది. దిగి చూసుకుంటే ఎదురింటాయనవి ఏడు మిస్డ్ కాల్స్. నాకో పార్సెల్ వచ్చిందట. నేను ఎత్తలేదని, శాఖ నిబంధనల ప్రకారం వాపసు పంపేశాడు.

అది బీపీ చూసుకునే మిషన్.