పార్సిల్‌లో రాని రుచి కోసమైనా ఊరెళ్లాలి

సంక్రాంతికో వేసవి సెలవులకో కోనసీమ వెళ్లినవాళ్ల కారు డిక్కీలో తిరుగు ప్రయాణంలో ఏముంటాయో చెప్పక్కర్లేదు. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం మడతకాజా, ఇంకా చోటుంటే కాకినాడ కాజా. తప్పేం లేదు. కానీ ఉన్న కాస్త సమయం వీటి కొనుగోళ్లకే పోతోంది, అక్కడ కూర్చుని వేడిగా తింటే తప్ప దక్కనివి అలాగే వదిలేసి వస్తున్నాం. నా బాధంతా దాని గురించే.

అంబాజీపేట పొట్టిక్కలనే తీసుకోండి. పనసాకుల్ని ఈనెపుల్లలతో గుచ్చి బుట్టలా చేసి, అందులో మినప్పిండి, రవ్వ కలిపి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. పిండి ఇడ్లీపిండే, కానీ ఉడికేటప్పుడు ఆకు వాసన పట్టడంలోనే ఉంది అసలు రుచంతా. ఆకు విప్పీ విప్పగానే పొగలు కక్కుతుండగా చట్నీ వేసుకుని తినాలి. మూట కట్టించుకుని హైదరాబాద్ తెచ్చుకుంటే మిగిలేది చల్లారిన ఇడ్లీయే. ఇందులో ఎక్కువ చాకిరీ పొయ్యి దగ్గర కాదు, బుట్టలు కుట్టడంలో. ఆకులు కోసుకొచ్చి, కడిగి, ఒక్కొక్కటీ చేత్తో గుచ్చాలి, తిన్నాక అది చెత్తలోకే పోతుంది. ఇడ్లీ రేకుల్లో పోస్తే ఈ శ్రమంతా తప్పుతుంది కదా, గిరాకీ తగ్గితే టిఫిన్ సెంటర్ వాళ్లు ఆ దారి పట్టరని ఎలా అనుకోగలం?

పూతరేకులకు ఆ భయం తక్కువ. నిల్వ ఉంటాయి కాబట్టి ఊరు దాటాయి, దేశం కూడా దాటాయి. 2023లో ఈ సరుకు ఫలానా ఊరిదని చెప్పే జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, రావులపాలెం దగ్గర హైవే పక్కన కొట్లున్నాయి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. అయినా ఆత్రేయపురం దాకా వెళ్లడం దండగ కాదు, ఎందుకంటే బోర్లించిన కుండ కింద మంట ఎగదోస్తూ, పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగి రేకు తీసే ఆడవాళ్ల పని దగ్గర్నుంచి చూస్తే ధర దగ్గర బేరమాడటానికి నోరు రాదు.

అసలు ఈ బేరం, ఈ గొణుగుడు నాకు అస్సలు నచ్చవు. ఏడాదికోసారి వచ్చి "రేటు పెంచేశారు, చట్నీ మారిపోయింది" అంటాం. పండగ నాలుగు రోజుల రద్దీతో ఏ పల్లెటూరి హోటలూ బతకదు. కొబ్బరి దింపుకీ, ఒలుపుకీ తెల్లారే వెళ్లే కూలీలు, లారీ డ్రైవర్లు, బడి పంతుళ్లు, ఇలా రోజూ తినేవాళ్లే దాన్ని నిలబెడతారు, వాళ్ల జేబుకి తగ్గట్టే ధర పెట్టాలి. మనం ఇంకో పది రూపాయలు ఎక్కువిచ్చినా నష్టపోం.

ఇంకో మాట. ఫోన్‌లో స్టార్లు చూసి హోటల్ ఎంచుకోవడం సిటీలో సరే, ఊళ్లో మాత్రం మావయ్యనో బాబాయినో అడగండి. "ఏది బాగుంటుంది" అని కాదు, "ఈమధ్య మీరెక్కడ తింటున్నారు" అని. మనకు గుర్తున్నది చిన్నప్పటి హోటల్, ఆ పేరే ఉన్నా లోపల వండే చెయ్యి ఈపాటికి మారి ఉండొచ్చు, ఆ సంగతి పొద్దున్నే అక్కడ ప్లేటు పట్టుకునేవాళ్లకే తెలుస్తుంది.