తుపాకీ తాళం మీద అలిగితే కంపెనీకి అర్థమవుతుందా?

తిరుపతి లీలామహల్ కూడలి దగ్గరి ఒక షెడ్డులో నా స్కూటర్ సైడు స్టాండు స్విచ్చును పనిచేయకుండా చేయడానికి మెకానిక్‌కు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. స్టాండు దించి ఉంటే ఇంజను స్టార్ట్ కానివ్వని స్విచ్చు అది. వానకు తడిసినప్పుడల్లా, స్టాండు ఎత్తినా మొరాయించేది. విసిగిపోయి రెండు వైర్లూ కలిపేయమన్నాను. కంపెనీకి ఈ సంగతి తెలియదు. వాళ్ల లెక్కలో ఆ స్విచ్చుతో నాకు ఏ ఇబ్బందీ లేదు.

పలమనేరు వైపు మామిడి తోట ఉన్న మిత్రుడిది ఇలాంటి గొణుగుడే, కాకపోతే తుపాకీ మీద. అడవి పందులను బెదరగొట్టడానికి లైసెన్సు తీసుకున్న జంట గొట్టాల తుపాకీ అది. తూటాలు పెట్టడానికి గొట్టాలు తెరిచిన ప్రతిసారీ సేఫ్టీ, అంటే తుపాకీ పేలకుండా ఆపే మీట, దానంతట అదే పడుతుంది. చీకట్లో హడావుడిగా ట్రిగ్గర్ నొక్కితే పేలదు. ఎన్నికలొచ్చినప్పుడు స్టేషన్లో తుపాకీ అప్పగించి వస్తూ కూడా అదే మాట. తయారీదారుకు రాశావా అంటే, నా వంక వింతగా చూశాడు.

ఆ చూపుకు కారణం ఉంది. 1980లలో సామాన్యులకు తుపాకుల దిగుమతి దాదాపు మూతపడ్డాక మన లైసెన్సుదారుకు చాలాకాలం కొత్త తుపాకీ అంటే ప్రధానంగా ప్రభుత్వ కర్మాగారాలదే. నచ్చకపోతే ఇంకొకరి దగ్గర కొనే దారి పెద్దగా లేనివాడికి ఫిర్యాదు రాసే అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది? ప్రైవేటు తయారీదారులు ఇప్పుడిప్పుడే వస్తున్నారు. పాత నిరాశ మాత్రం పోలేదు.

కొనడం మానేసే దారి ఉన్న అమెరికాలో ఏం జరిగిందో చూడండి. 2000 మార్చిలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ తుపాకులకు తాళాలు పెట్టడం లాంటి షరతులతో క్లింటన్ ప్రభుత్వంతో భద్రతా ఒప్పందం చేసుకుంది. తుపాకీ ప్రియులు భగ్గుమని బహిష్కరించారు. అమ్మకాలు కుప్పకూలాయి. 1987లో 11 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్న బ్రిటిష్ యజమాని, 2001లో కోటిన్నర డాలర్లకు వదిలించుకున్నాడు. కొన్నదెవరు? తుపాకీ తాళాలు చేసే సంస్థ! రివాల్వర్లకు తాళం చెవి రంధ్రం ఆ తర్వాతే వచ్చి కూర్చుంది. ఇంత పెద్ద అలక అలిగి కొనుగోలుదారులు సాధించింది ఇదీ. బహిష్కరణ కోపాన్ని చెప్పగలదు కానీ, ఆ కోపం ఒప్పందం మీదా, తాళం మీదా, ధర మీదా అన్నది చెప్పలేదు. తాళం లేని చిన్న జేబు రివాల్వర్లు మళ్లీ దుకాణాలకు రావడానికి ఏళ్లు పట్టింది.

అయితే నచ్చకపోవడం వేరు, ప్రమాదకరం కావడం వేరు. రెమింగ్టన్ 700 రైఫిల్‌లో ఒకప్పుడు సేఫ్టీ వేసి ఉంటే బోల్టు, అంటే తూటాను లోపలికి తోసి బయటికి లాగే కడ్డీ, కదిలేది కాదు. తూటా బయటికి తీయాలంటే ముందు సేఫ్టీ తీయాల్సిందే, అంటే తుపాకీని పేలే స్థితికి తేవాల్సిందే. ఖాళీ చేసే క్షణమే అపాయమయ్యేది. 1982లో కంపెనీ ఆ ఏర్పాటు మార్చింది. ఇలాంటి లోపాన్ని ఒక్కరు రాసినా వినాలి. ‘చూడటానికి బాగాలేదు’ అని వందమంది రాసినా తొందరేమీ లేదు.

మిత్రుడికి నేను చెప్పింది ఇదే. విసుగు రాయకు, జరిగింది రాయి. ఏ మోడల్, ఏ తూటా, సేఫ్టీ ఎప్పుడు పడింది, ఎన్నిసార్లు, అప్పుడు చేతికి గ్లవ్స్ ఉన్నాయా, చీకటా, వెలుతురా. ఇంకో మాట కూడా రాయమన్నాను, అదే అతనికి నచ్చలేదు. తోట ఇంట్లో ఇద్దరు మనవళ్లున్నారు. ఆ సేఫ్టీ వల్ల తుపాకీ పేలని రోజు వాళ్లు కంపెనీకి కృతజ్ఞతలు రాయరు, వాళ్లకు ఆ సంగతే తెలియదు. కొన్నవాడి ఉత్తరాలే అందే తయారీదారుకు ఈ రెండో పక్క ఎప్పుడూ వినిపించదు. అందుకే సేఫ్టీ ఎత్తేయమని కాక, తుపాకీ ఎక్కుపెట్టినప్పుడు వేలికి సులువుగా తగిలేచోట మీట పెట్టమని అడగమన్నాను. ఎవరికీ చెప్పకుండా మరమ్మతు చేయించుకుందామన్న ఆలోచన ఎలాగూ కుదరదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ బాగుచేసే వ్యాపారికీ లైసెన్సు ఉండాలి.

అంతా విని, ‘మరి నీ స్కూటర్ కంపెనీకి ఏం రాశావు?’ అన్నాడు. ఇంకా రాయలేదు.