ముప్పై నాలుగు కన్నాల మహారాజుకు

కాగితాలకు కన్నాలు కొట్టి, వైరు రింగుతో పుస్తకం కట్టే మహారాజశ్రీ వైరో బైండింగ్ మిషన్ గారికి,

కూకట్‌పల్లి నుంచి మీ అభిమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు నా కార్టులో పదకొండు వారాలుగా క్షేమంగా ఉన్నారో లేదో రోజూ రాత్రి పదిన్నరకి, గిన్నెలు సర్దేశాక, ఒకసారి చూసుకుంటూనే ఉన్నాను. నిన్నటికి మీ ఖరీదు 6,499 రూపాయలు. మొన్న 6,799. అంతకుముందు వారం "రెండే మిగిలాయి" అని ఎర్ర అక్షరాలతో భయపెట్టారు. ఆ రెండూ ఇప్పటికీ అలాగే మిగిలి ఉన్నాయి.

ఇంకా కొనలేదు కాబట్టి ఇక్కణ్ణుంచి "నువ్వు" అంటాను. కొన్నాక ఎలాగూ "మీరు" అనాల్సిందే. ఈఎమ్ఐ నడుస్తున్న వస్తువుకి మా ఇంట్లో ఆ మర్యాద ఉంది.

నాకు కాగితాల పిచ్చి. బీరువాలో పట్టుచీరల కింద 300 జీఎస్ఎమ్ మందపాటి కార్డ్‌షీట్లు దాచుకునే రకం. పెళ్ళిళ్ళకు వెళ్తే భోజనం సంగతి తర్వాత, ముందు శుభలేఖ ఏ కాగితం మీద వేశారో వేళ్ళతో రుద్ది చూస్తాను. అలాంటిదాని కళ్ళకు నువ్వు ఒక వీడియోలో కనబడ్డావు. గోళ్ళకు లేత గులాబీ రంగేసుకున్న రెండు చేతులు నీ పిడి పట్టుకుని కిందికి నొక్కాయి. కరక్‌మన్న చప్పుడు. కాగితం అంచున చిన్న చిన్న చదరపు కన్నాలు, చీమలు బారులు తీరినట్టు. తర్వాత నోరు తెరుచుకున్న వైరు రింగు వచ్చి ఆ కన్నాల్లో పళ్ళు దూర్చింది. ఇంకోసారి పిడి నొక్కగానే నోరు మూసుకుని గుండ్రంగా అయిపోయింది. ఆవిడ ఆ పుస్తకాన్ని తెరిచి, అట్టను ఇటు నుంచి అటు పూర్తిగా వెనక్కి తిప్పేసింది. ఆ తిప్పడం దగ్గర నేను పడిపోయాను.

ఆ పుస్తకంలో ఏమీ రాసి లేదని నాలుగోసారి చూసినప్పుడు గమనించాను.

మా ఇంట్లో కూడా ఏమీ రాయని పుస్తకాలు పద్నాలుగు ఉన్నాయట. మా అమ్మాయి లెక్కపెట్టి మరీ చెప్పింది. తొమ్మిదో తరగతి పిల్లలకు చదువు తప్ప అన్నీ లెక్కే. వాటిలో నాలుగు మొదటి పేజీలో "జనవరి 1" దగ్గర మొదలై "జనవరి 4" దగ్గర ఆగిపోయినవి. మరి పద్నాలుగు ఖాళీ పుస్తకాలున్న మనిషికి పదిహేనోది తయారుచేసే యంత్రం ఎందుకు అని మా ఆయన అడిగారు. అడిగినప్పుడు ఆయన తువ్వాలు ఎక్కడ ఆరేసి ఉందో చూశాను. వ్యాయామం సైకిల్ మీద ఉంది. ఇద్దరం ఆ చర్చను అక్కడితో ఆపేశాం.

అయినా న్యాయంగా లెక్క వెయ్యాలి కదా. వేశాను. మా వీధి చివర జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ 40 రూపాయలు. పోయిన ఏడాది మొత్తం మీద నేను చేయించినవి ఏడు: అమ్మాయి ప్రాజెక్టులు మూడు, ఫ్లాటు కాగితాల జిరాక్సులు రెండు, అత్తయ్య కోసం పెద్దక్షరాల లలితా సహస్రనామం ఒకటి, నా వంటల కాగితాలు ఒకటి. 6,499ని 40తో భాగిస్తే, నీ ఖరీదు రాబట్టడానికి నేను 163 పుస్తకాలు బైండు చెయ్యాలి. ఏడాదికి ఏడు చొప్పున ఇరవై మూడేళ్ళ పైమాట. అప్పటికి మా అమ్మాయికి పెళ్ళై, వాళ్ళ పిల్లల ప్రాజెక్టులు కూడా నా దగ్గరికే వస్తుంటాయి. ఇందులో వైర్ల ఖర్చు కలపలేదు. కలిపితే మునిమనవల దాకా వెళ్తోంది.

పైగా ఆ షాపులో అబ్బాయి పనితనం నీకు తెలియదు. కాగితాలు ఇవ్వగానే "ముందు ట్రాన్స్‌పరెంటు, వెనక బ్లూ కదా మేడం?" అంటాడు. ఔనన్నా కాదన్నా వెనక బ్లూయే వేస్తాడు. కట్టను బల్ల మీద రెండుసార్లు నిలువుగా, రెండుసార్లు అడ్డంగా తట్టి, గుప్పెడు గుప్పెడు తీసి కన్నాలు కొడతాడు. ప్లాస్టిక్ స్ప్రింగు కొసను మొదటి కన్నంలో పెట్టి అరచేత్తో ఇలా దొర్లిస్తాడు, అప్పడాల కర్ర తిప్పినట్టు. అది పాములా పాక్కుంటూ అవతలి కొసకి వెళ్ళిపోతుంది. రెండు కొసలూ కటింగ్ ప్లేయరుతో కత్తిరించి మడిచేస్తాడు. ఈ లోపల ఫోన్లో ఎవరితోనో క్రికెట్ గురించి మాట్లాడుతూనే ఉంటాడు. మొత్తం నాలుగు నిమిషాలు. నేను నిన్ను అటక మీంచి దింపడానికే నలభై పడుతుంది.

అటక అన్నాను కదా, దాని గురించి నీకు ముందే చెప్పడం ధర్మం. అక్కడ నీకు స్నేహితులు దొరుకుతారు. రంగు కాగితపు పట్టీలు చుట్టి బొమ్మలు చేసే క్విల్లింగ్ కిట్టు ఉంది, దాంతో ఒక నెమలిని మొదలుపెట్టాను, తోక దాకా రాలేదు. లామినేషన్ మిషన్ ఉంది. అది వచ్చిన వారంలో ఇంట్లో కనబడిన ప్రతి కాగితాన్నీ అందులో దూర్చాను. ఆఖరికి కరెంటు బిల్లు కూడా. అది వేడి తగిలితే నల్లబడే థర్మల్ పేపరు. ఇటు నుంచి బిల్లు వెళ్ళింది, అటు నుంచి బొగ్గు వచ్చింది, అదీ పదిలంగా ప్లాస్టిక్ తొడుగులో. ఎంత కట్టాలో తెలియదు కానీ, ఆ బిల్లు మాత్రం వందేళ్ళు చెక్కుచెదరదు.

ఇప్పుడు నీ గుణగణాలు. సంబంధం అనుకున్నాక ఆరా తీయకుండా ఉంటామా?

నువ్వు ఏ4 కాగితం పొడవునా, అంటే 297 మిల్లీమీటర్లలో, 34 కన్నాలు వేస్తావు. అంగుళానికి మూడు. బాగుంది. కానీ నీ రింగుల్లో అన్నిటికంటే లావుది పద్నాలుగు మిల్లీమీటర్లట, అందులో మామూలు కాగితాలు నూట ఇరవై దాకా పడతాయి. అంతకంటే లావు పుస్తకం కావాలంటే? అంగుళానికి రెండే కన్నాలు వేసే మీ అన్నయ్య వేరే ఉన్నాడు, ఇరవై మూడు కన్నాలవాడు. నీ రింగు ఆయన కన్నాల్లో పట్టదు, ఆయన రింగు నీ కన్నాల్లో పట్టదు. ప్లాస్టిక్ దువ్వెన లాంటిది దూర్చే మీ పెదనాన్న కొడుకు ఇంకొకడు, వాడివి ఇరవై ఒకటి. ఒక్క కుటుంబంలో ఇన్ని కంచాలూ ఇన్ని పొయ్యిలూ అయితే మేము ఎవరికని వండాలి?

నేను చేసేవి ఆల్బమ్‌లు. మందపాటి కార్డ్‌షీట్లు, వాటి మీద ఫొటోలు, ఫొటోల మీద ఎండిన పూలు, పూల మీద లేసు. పది పేజీలకే బొద్దుగా ఉబ్బుతాయి. అంటే నాకు కావాల్సింది అసలు నువ్వు కాదు, మీ అన్నయ్య. ఈ సంగతి తెలియడానికి నాకు తొమ్మిది వారాలు పట్టింది. తెలిశాక కూడా కార్టులోంచి నిన్ను తీయలేదు. పెళ్ళిచూపుల్లో తమ్ముడే నచ్చితే మనసు ఎక్కడ వింటుంది?

మామూలు కాగితాలైతే ఒక్క దెబ్బకి పదో పన్నెండో కొరుకుతావట. నా కార్డ్‌షీట్లయితే రెండు, మహా అయితే మూడు. అయిదు కిలోల పైచిలుకు ఒళ్ళు పెట్టుకుని ఇదా నీ ఆకలి? ఏ5 సైజు చిన్న డైరీ చేద్దామంటే, అంచు దగ్గర కన్నం కొట్టే పిన్నును వెనక్కి లాగిపెట్టుకోవాలి. లేకపోతే చివర అర కన్నం పడి, పేజీ కొస చెవి తెగినట్టు అవుతుంది. ఆ పిన్ను లాగే సదుపాయం నీకుందో లేదో నీ పేజీలో ఎక్కడా రాయలేదు. "ప్రీమియం లుక్" అని మాత్రం మూడు చోట్ల ఉంది.

ఇక సారె. కోడలి వెంట సారె వస్తుంది. నీ విషయంలో ఆ సారె కూడా మేమే కొనుక్కోవాలి. నాలుగు సైజుల వైర్లు, ప్లాస్టిక్ కవర్లు, మూలలు గుండ్రంగా కోసేది ఒకటి, అంచులు సమంగా కోసే కట్టర్ ఒకటి. అన్నీ కలిపి "వీటిని తరచుగా కలిపి కొంటారు" అంటూ నీ కిందే నిలబెట్టారు, పెళ్ళి ఫొటోలో తోటికోడళ్ళలాగా. నూరు కాగితాల పుస్తకం చేస్తే రాలే చదరపు ముక్కలు మూడు వేల నాలుగు వందలు. ఒక్కోటీ నాలుగు మిల్లీమీటర్లు. అవి ఫ్యాను గాలికి సోఫా కిందికి చేరాక ఎవరు ఊడుస్తారో మా పనమ్మాయికి నువ్వే చెప్పాలి, నాకు ధైర్యం లేదు.

నీకు గర్వం ఎక్కువగా ఉన్నట్టుంది కాబట్టి ఒక మాట. మ్యూజియంలో అద్దం వెనక తూర్పు చాళుక్యుల రాగి శాసనాలు చూశాను. రాగి రేకులకు ఒకే ఒక కన్నం. అందులో ఒక లావు రింగు. ఆ రింగు రెండు కొసలూ కలిసేచోట రాజముద్ర, దాని మీద వరాహం, "శ్రీ త్రిభువనాంకుశ" అన్న బిరుదు. ఊళ్ళకు ఊళ్ళు దానమిచ్చిన దస్తావేజులు ఒక్క కన్నానికి, ఒక్క రింగుకి వెయ్యేళ్ళు ఆగాయి. తాటాకు పుస్తకాలకు రెండు కన్నాలు, ఒక తాడు, పైనా కిందా చెక్కబద్దలు. భారతం అంత లావుదీ ఆ తాడు మీదే నడిచింది. నా ఆల్బమ్‌లో మా అమ్మాయి మొదటి పుట్టినరోజు కేకు ఫొటో నిలబడాలంటే మాత్రం ముప్పై నాలుగు కావాలా?

మా నాన్న వేసేవి మూడు. గుడివాడ దగ్గర పల్లెటూళ్ళో బడిపంతులు ఆయన. పరీక్షలు అయిపోగానే మా ముగ్గురి పాత నోటుపుస్తకాలూ ముందేసుకుని, రాయని కాగితాలన్నీ ఊడదీసేవాడు. గీతలవి ఒక దొంతర, తెల్లవి ఒక దొంతర, నాలుగు గీతలవి ఒకటి. గచ్చు మీద తట్టి సమం చేసి, నడిమికి మడిచి, మడత మీద చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దేవాడు. తర్వాత దబ్బనం. నడుమ ఒక పోటు, పైన ఒకటి, కింద ఒకటి. దారానికి కొవ్వొత్తి ముక్క రాసి, నడిమి కన్నంలోంచి లోపలికి, పై కన్నంలోంచి బయటికి, నడిమిది వదిలేసి కిందిదానిలోంచి మళ్ళీ లోపలికి, చివరికి నడుమనుంచి బయటికి. రెండు కొసలూ పొడుగు దారానికి అటూ ఇటూ తెచ్చి ముడి. అట్టకి పాత శుభలేఖలు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపిన బంక. రాత్రంతా బియ్యం డబ్బా కింద నొక్కిపెట్టేవాడు. జూన్లో నా లెక్కల పుస్తకం మూలకి పసుపు అంటి ఉండేది, లోపల ఎవరో వరుడి పేరు తలకిందులుగా కనబడేది. అప్పట్లో అది దాచిపెట్టుకునేదాన్ని, సిగ్గేసి. షాపులో కొన్న పుస్తకాలున్న పిల్లల పక్కన కూర్చునేదాన్ని కాదు.

నీమీద కోపం ఏమీ లేదు, నిజానికి. మా బ్లాకులోనే ఒకావిడ డైరీలూ, సీమంతాలకి రిటర్న్ గిఫ్టు పుస్తకాలూ చేసి అమ్ముతుంది. వాళ్ళింట్లో నీలాంటిదాన్ని హాల్లో, టీవీ పక్కన పెట్టుకున్నారు. అక్కడ నువ్వు అన్నం పెట్టే వస్తువువి. మా ఇంట్లో నీకే మేము అన్నం పెట్టాలి. అదొక్కటే తేడా. ఒకరోజు ఆవిడ నన్ను పిలిచి "ఒకసారి నొక్కి చూడండి" అంది. నొక్కాను. కరక్‌మంది. ఆ చప్పుడు వీడియోలోకంటే బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇంటికొచ్చి మళ్ళీ కార్టు తెరిచాను.

మొన్న ఆదివారం నాన్నకి ఫోన్ చేసి నీ సంగతి చెప్పాను. ఎనభై దాటాయి, వినికిడి కాస్త తక్కువ.

"పుస్తకాలు కుట్టే మిషనా? ఎన్ని కన్నాలు వేస్తుందమ్మా?"

"ముప్పై నాలుగు నాన్నా."

కాసేపు మాట్లాడలేదు. వినబడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పబోయాను.

"దారం చాలా పడుతుందే," అన్నాడు.

ఇట్లు,
నిన్ను కార్టులోంచి తీయలేక, ఇంట్లోకి తేలేక,
నీ అభిమాని.

తా.క.: ఈ ఉత్తరం నాలుగు కాగితాలైంది. మూలన స్టేప్లర్ కొట్టాను. రెండు కన్నాలు.